మందు గిన్నె ఆరేదాకా

అనగా అనగా... ఎప్పుడని మాత్రం అడక్కండి. మా ఏరు ఇప్పుడు కొండకి ఇటువైపు పారుతోంది కదా, అప్పట్లో అటువైపు పారేదట. అంత పాత మాట. ఆ ఏటి ఒడ్డున జీలుగువలస అని ఒక ఊరు. ఊళ్లో రెండే వీధులు. తూర్పు వీధి ఒకటి, పడమర వీధి ఒకటి. రెండు వీధులకీ కలిపి ఒకడే వైద్యుడు. ఆయన పేరు సూరప్ప.

సూరప్ప చేయి గొప్పది. నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే రోగం ఎక్కడ దాక్కుందో చెప్పేసేవాడు. నోరు మాత్రం పిసినారి. రోగి పది మాటలు చెబితే ఆయన ఒక్క మాట చెప్పేవాడు. ఆ ఒక్కటీ "ఊఁ" అనే మాట.

ఆయన అరుగు మీద మందులు నూరే మనిషి ఒకామె ఉండేది. దాలమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండెక్కి కట్టెలు తెచ్చి అమ్ముకుని బతికింది. మోకాళ్లు అరిగిపోయి కొండ ఎక్కలేని రోజు వచ్చింది. అప్పుడు సూరప్ప అరుగు మీదికి చేరింది. నల్లరాతి కల్వంలో వేర్లు, బెరళ్లు, గింజలు పోసి నూరేది. ఏ వేరు పేరేమిటో ఆమెకి తెలీదు. ఏ మందు ఏ రోగానికో తెలీదు. నూరమంటే నూరేది, ఆపమంటే ఆపేది.

నూరిన మందుని ఇళ్లకి మోయడానికి ఇద్దరు. పడమర వీధికి సూరప్ప మేనల్లుడు బంగారయ్య. తూర్పు వీధికి దాలమ్మ.

బంగారయ్యకి కాళ్లలో గాలి ఉండేది. గుమ్మం ముందు ఆగేవాడు. "ఇదిగో మందు. మూడు పూటలు. తేనెతో," అనేవాడు. రోగి తలెత్తి చూసేసరికి వీధి చివర ఉండేవాడు.

దాలమ్మకి కాళ్లలో గాలి లేదు, నొప్పి ఉంది. అందుకని మందు ఇచ్చాక అక్కడే కాసేపు కూర్చునేది. తర్వాత లేచేది. తర్వాత వచ్చేసేది. అంతే.

మరి వినండి, ఇక్కణ్ణుంచే తికమక మొదలు.

మందు ఒకటే. నూరిన కల్వం ఒకటే. నూరిన చేయీ ఒకటే. కానీ పడమర వీధిలో తొమ్మిది రోజులకి దిగే జ్వరం తూర్పు వీధిలో నాలుగు రోజులకి దిగుతోంది. పడమర వీధిలో నెల పట్టే నడుంనొప్పి తూర్పు వీధిలో పది రోజులకే పట్టు వదులుతోంది. సూరప్ప లెక్క చూశాడు. మళ్లీ చూశాడు. దాలమ్మని పిలిచాడు.

"దాలమ్మా, దారిలో మందులో ఏటి కలుపుతున్నావు?"

దాలమ్మ తెల్లబోయింది. "నానేటి సేసినాను బాబూ? కూకున్నాను. లేసినాను. వచ్చీసినాను."

సూరప్ప నమ్మలేదు. మర్నాడు మందు పొట్లం కట్టి, దారం ముడి మీద లక్క పోసి, తన ఉంగరంతో అద్దాడు. "ఈ లక్క రోగి కళ్ల ముందే పగలాలి," అన్నాడు. దాలమ్మ అలాగే చేసింది. లక్క రోగి కళ్ల ముందే పగిలింది. జ్వరం నాలుగు రోజులకే దిగింది.

సూరప్పకి నిద్ర కరువైంది. తూర్పు వీధి నీళ్లలో ఏదో ఉందనుకున్నాడు. "రేపటి నుంచి దాలమ్మ పడమరకి, బంగారయ్య తూర్పుకి," అన్నాడు. వీధులు మారాయి. మారేసరికి పడమర వీధి వాళ్లు నాలుగు రోజులకి లేచి తిరుగుతున్నారు. తూర్పు వీధి వాళ్లు తొమ్మిది రోజులు మూలుగుతున్నారు.

"ఏటి చేస్తున్నావు నువ్వు?" అని మళ్లీ అడిగాడు సూరప్ప.

"నానేటి సేసినాను బాబూ? కూకున్నాను. లేసినాను. వచ్చీసినాను."

ఆమెకి ఏడుపు వచ్చేలా ఉంది. తప్పు చేసినట్టు అడుగుతున్నారు, చేసిన తప్పేమిటో తెలీడం లేదు.

అప్పుడు సూరప్ప, అంత పెద్ద వైద్యుడూ, కుమ్మరి గవరయ్య ఇంటి వెనక గడ్డివాము చాటున నక్కాడు. గవరయ్యకి కడుపునొప్పి. పదిహేను రోజులుగా అన్నం సయించక గోడకి తిరిగి పడుకున్నాడు. దాలమ్మ వచ్చింది. మందు తాగించింది. కూర్చుంది. సూరప్ప చెవులు రిక్కించాడు. ఇప్పుడు మంత్రం చదువుతుంది, పట్టుకుందాం అనుకున్నాడు.

"గవరయ్య బావా, నాకొక అనుమానం," అంది దాలమ్మ. "కుండకి ముందు మూతి సేస్తారా, అడుగు సేస్తారా?"

గవరయ్య పలకలేదు.

"అడుగే అయ్యుంటాది. అడుగు లేకుండా మూతి ఎలాగ నిలబడతాది?"

గవరయ్య గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "తెలీకపోతే ఊరుకో. మూతే ముందు. సారె మీద మూతి తీస్తాం. అడుగు తరవాత సెక్కతో కొట్టి మూస్తాం."

"అయితే మరి ఆ నడిమిట్ల నీళ్లెలాగ నిలుస్తాయి?"

"ఒలే, నీళ్లు అప్పుడే ఎవలు పోస్తారే!" గవరయ్య లేచి కూర్చున్నాడు. చేతులు తిప్పుతూ చూపించాడు. సారె ఇలా తిరుగుతుంది, మట్టి ఇలా లేస్తుంది, వేలు ఇక్కడ ఉంటుంది. చెబుతూ చెబుతూ పెళ్లాం పెట్టిన గంజి అరముంత తాగేశాడు. తాగానన్న సంగతి తనకే తెలీదు. దాలమ్మ లేచింది. వచ్చేసింది.

సూరప్ప జుట్టులో గడ్డి దులుపుకుంటూ ఇంటికి వచ్చాడు. మంత్రం లేదు, మాయ లేదు. ఉన్నది ఒక తెలివితక్కువ ప్రశ్న. ఆయనకి ఇంకా తికమక పెరిగింది.

ఇక ఆఖరి పరీక్ష పెట్టాడు. గానుగ ఆడించేవాళ్ల కోడలు పోలమ్మకి తలపోటు. ఏళ్ల తరబడి ఉన్న పోటు. వెలుతురు చూడలేక పగలంతా చీకటి గదిలో ఉండేది. సూరప్ప వేరు తీయలేదు, గింజ తీయలేదు. దోరగా వేయించిన చోడిపిండి, అదే రాగిపిండి, పొట్లం కట్టి దాలమ్మ చేతిలో పెట్టాడు. చోడిపిండి అని చెప్పలేదు.

దాలమ్మ రోజూ వెళ్లింది. కూర్చుంది. లేచింది. వచ్చేసింది. ఐదో రోజు పోలమ్మ గది తలుపు తీసింది. ఎండలో పీట వేసుకుని కూర్చుని తల దువ్వుకుంది. వీధి వీధంతా వచ్చి చూసింది.

ఆ సాయంత్రం సూరప్ప అరుగు మీద కూలబడ్డాడు. "దాలమ్మా, అది మందు కాదు. చోడిపిండి."

దాలమ్మ చేతిలో కల్వం పొత్రం ఆగిపోయింది. "అయితే పోలమ్మది అబద్ధం పోటా బాబూ?"

"కాదు. నేను నాడి చూశాను. కళ్లలో ఎర్రజీర చూశాను. నిజం పోటే."

"అయితే మీ మందు అబద్ధమా?"

సూరప్ప "ఊఁ" అని కూడా అనలేదు. "నాకు తెలీదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట జన్మలో అదే మొదటిసారి.

"నాకూ తెలీదు బాబూ," అంది దాలమ్మ.

ఇద్దరూ అలా తెలియకుండా ఊరుకుంటే కథ ఇంతే. కానీ గుమ్మం పక్కన బంగారయ్య ఉన్నాడు. వాడి కాళ్లలో ఎంత గాలి ఉందో నోట్లోనూ అంతే ఉంది. తెల్లారేసరికి రెండు వీధులకీ తెలిసిపోయింది. "సూరప్ప మందు ఒట్టి పిండి. అసలు మందు దాలమ్మ."

ఇక జనం సూరప్ప అరుగు ఎక్కడం మానేశారు. దాలమ్మ గుడిసె ముందు వరస కట్టారు. అప్ప అంటే మా వైపు అక్క. "దాలప్పా, నా మోకాలు ముట్టుకో." "దాలప్పా, నా గోడు ఇను." "దాలప్పా, ఒక్క ఘడియ కూకో." ఆమె చేతులు జోడించేది. "నాకేటి తెలుసు? బాబు దగ్గరికి ఎల్లండి," అనేది. వాళ్లు వెళ్లేవాళ్లు కాదు. ఏం చేస్తుంది? కూర్చునేది.

కొందరికి తగ్గింది. తగ్గినవాళ్లు ఊరంతా చెప్పుకున్నారు. కొందరికి తగ్గలేదు. తగ్గనివాళ్లు తమలోనే ఏదో లోపం ఉందనుకుని నోరు మూసుకున్నారు. అందుకని దాలమ్మ చెవికి ఒక వైపు మాటలే చేరాయి. ఒకనాడు ఏటి దగ్గర నీళ్లు ముంచుకుంటూ ఆమె తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. 'ఏమో, ఇందులో ఏదో ఉందేమో' అనుకుంది. అనుకున్నందుకు భయపడింది కూడా.

అదే రోజుల్లో చాకలి సీతాలుకి పాదంలో తుమ్మముల్లు దిగింది.

సీతాలు ఎవరంటే, దాలమ్మకి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఇద్దరివీ పక్కపక్క గుడిసెలు. ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకునేవాళ్లు. ముల్లు విరిగి లోపల ఉండిపోయింది. పాదం గుమ్మడికాయలా వాచింది. సీతాలు మొగుడు ఎర్రయ్య పరుగెత్తి సూరప్పని పిలుచుకొచ్చాడు. సూరప్ప చూశాడు.

"లోపల చీము పట్టింది. ఈపూటే కోసి తీసేయాలి," అని కత్తి సంచీ విప్పాడు.

కత్తి చూసి సీతాలు కెవ్వుమంది. "నాను కోయించుకోను. నాకు దాలప్ప ఉంది. దాలప్పా, నువ్వు కూకో. నువ్వు కూకుంటే సాలు."

సూరప్ప దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ కత్తి వైపు చూసింది, స్నేహితురాలి మొహం వైపు చూసింది. 'కోయించుకోవే' అనడానికి నోరు తెరిచింది. కానీ అరచేయి గుర్తొచ్చింది. పోలమ్మ గుర్తొచ్చింది. నోరు మూసుకుంది. కూర్చుంది.

సూరప్ప కత్తి సంచీ కట్టుకుని వెళ్లిపోయాడు. తన మందు మీద తనకే నమ్మకం సడలి ఉంది పాపం. లేకపోతే గట్టిగా చెప్పేవాడు.

మొదటి రోజు దాలమ్మ కూర్చుంది. సీతాలుకి నొప్పి తగ్గింది. రెండో రోజు కూర్చుంది. నొప్పి ఇంకా తగ్గింది. ఇద్దరూ చిన్నప్పుడు రేవులో పడిన దెబ్బలాటలు తలచుకుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. మూడో రోజు తెల్లవారుతూనే సీతాలు ఒళ్లు కాలిపోయింది. వాపు తొడ దాకా పాకింది. ఎవరు పిలిచినా పలకలేదు. దాలమ్మ మోకాళ్లనొప్పి మరిచి పరుగెత్తింది. సూరప్ప కత్తితో వచ్చాడు. కోశాడు. కానీ పొద్దు నడినెత్తికి రాకముందే సీతాలు ప్రాణం పోయింది.

దాలమ్మకి ఏడుపు కూడా రాలేదు. శవం పక్కన కూర్చుని ఒకటే మాట అడిగింది. "నొప్పి తగ్గిందన్నాది బాబూ. నవ్వినాది కూడా. నవ్విన మనిషి ఎలాగ సచ్చిపోయింది?"

సూరప్ప నెమ్మదిగా చెప్పాడు. "నొప్పి నీ మాట విన్నది దాలమ్మా. చీము వినలేదు."

"ఏది ఇంటాదో, ఏది ఇనదో ముందుగా ఎలాగ తెలుస్తాది?"

"నాకూ తెలీదు. అందుకే కత్తి కూడా ఉంది. ఆ రోజు నేను గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆ రోజు నుంచి దాలమ్మ ఎవరింట్లోనూ కూర్చోలేదు. కల్వం నూరేది. పొట్లం తీసుకెళ్లేది. గుమ్మం బయటే నిలబడి ఇచ్చేది. "మూడు పూటలు. తేనెతో," అనేది. తలొంచుకుని వచ్చేసేది. జనం బతిమాలారు, కూర్చోలేదు. కోప్పడ్డారు, కూర్చోలేదు. సూరప్ప స్వయంగా అడిగాడు, కూర్చోలేదు. "నాను కూకుంటే మనుషులు సస్తారు బాబూ," అంది. ఊళ్లో జ్వరాలు మళ్లీ తొమ్మిది రోజులు పట్టాయి.

వానలు పడ్డాయి. ఎర్రయ్యకి విషజ్వరం వచ్చింది. పెళ్లాం పోయిన దగ్గర్నుంచి మనిషి సరిగా తినలేదు. సూరప్ప మూడు సార్లు కషాయం కాచి పంపాడు. మూడు సార్లూ ఎర్రయ్య ముట్టుకోలేదు. నాలుగోసారి మోయడానికి బంగారయ్య ఊళ్లో లేడు. గిన్నె దాలమ్మ చేతికి వచ్చింది.

సీతాలు గుడిసె గుమ్మం. అక్కడి దాకా వెళ్లి కాళ్లు ఆగిపోయాయి. "మందు," అంది బయటి నుంచే. "మూడు పూటలు."

లోపలి నుంచి ఎర్రయ్య గొంతు, పీలగా. "మా దాని కాడ మూడు రోజులు కూకున్నావు. నా కాడ కూకోవేటి అప్పా?"

దాలమ్మ గుమ్మం బయటే నిలబడింది. తిడతాడనుకుంది. తిట్టు కోసమే ఎదురు చూసింది ఇన్నాళ్లూ. "నాను కూకునే గదా అది పోయింది, ఎర్రయ్యా."

"అది పోయింది ముల్లు వల్ల," అన్నాడు ఎర్రయ్య. "ఆపక్క నానూ ఉన్నాను. కోయించుకోమని నానూ సెప్పలేదు. కానీ అప్పా, ఆ రెండు రోజులూ అది బయపడలేదు. పుట్టి బుద్దెరిగి కత్తికి, సీకటికి, పిడుక్కి బయపడే మనిషి. ఆ రెండు రోజులూ బయపడలేదు. అది నువ్వు సేసినావో, ఎవలు సేసినారో నాకు తెలీదు. నాకు మాత్రం సేనా బయంగా ఉంది. ఒక్క పిసరు కూకో."

దాలమ్మ గుమ్మం దాటింది. కూర్చోలేదు. గిన్నె ముందుకి చాపింది.

"ముందు తాగు. తాగితేనే కూకుంటాను. తాగకపోతే వచ్చిన దారినే ఎల్లిపోతాను."

"సేదుగా ఉంటాది."

"ఉంటాది. నానే నూరినాను. తాగు."

ఎర్రయ్య తాగాడు. చుక్క మిగల్చకుండా తాగాడు. అప్పుడు దాలమ్మ ఖాళీ గిన్నె నేల మీద పెట్టి దాని పక్కన కూర్చుంది. అడగడానికి ప్రశ్న ఏదీ తట్టలేదు. చెప్పడానికి మాట ఏదీ తట్టలేదు. వాన చూరు మీద పడుతోంది. గిన్నెలో కషాయం చారలు నెమ్మదిగా ఆరుతున్నాయి. గిన్నె పూర్తిగా ఆరిపోయాక లేచింది.

మర్నాడూ అంతే. ముందు మందు, తర్వాత కూర్చోవడం, గిన్నె ఆరాక లేవడం.

మరి ఎర్రయ్యకి నాలుగు రోజులకే తగ్గిందా అని అడుగుతారు మీరు. లేదు. పదకొండు రోజులు పట్టింది. దాలమ్మ కూర్చోని ఇళ్లకంటే రెండు రోజులు ఎక్కువ. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కానీ లేచాడు. పన్నెండో రోజు బట్టల మూట నెత్తిన పెట్టుకుని రేవుకి వెళ్లాడు.

అప్పటి నుంచి దాలమ్మ మళ్లీ ఇళ్లలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకటే షరతు. మందు తాగినవాళ్ల దగ్గరే. కోయాలంటే కోయించుకున్నవాళ్ల దగ్గరే. కత్తికి భయపడేవాళ్ల చేయి పట్టుకుని సూరప్ప పక్కనే కూర్చునేది. సూరప్ప కూడా మారాడు. రోగి పది మాటలు చెబితే రెండు మాటలు చెప్పేవాడు. ఆయనకి అదే ఎక్కువ.

ఏళ్లు గడిచాయి. సూరప్పకి జుట్టు నెరిసింది. దాలమ్మకి ముసలితనంతో పాటు గుండెనీరసం వచ్చింది. చాప మీంచి లేవలేదు. ఆ రోజు సూరప్ప ఎవరినీ నూరమనలేదు. తనే కల్వం ముందు కూర్చుని నూరాడు. అలవాటు లేక వేలు నలగ్గొట్టుకున్నాడు. తనే గిన్నె పట్టుకుని తూర్పు వీధిలో నడిచి వెళ్లాడు. వైద్యుడు మందు మోస్తున్నాడని జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

దాలమ్మ చుక్క మిగల్చకుండా తాగింది. సూరప్ప నేల మీద చతికిలబడ్డాడు.

"ఇన్నేళ్లయింది గదా బాబూ," అంది ఆమె. "ఇప్పుడయినా తెలిసినాదా, నానేటి సేసినానో?"

"లేదు దాలమ్మా."

"నాకూ తెలీలేదు." ఆమె చిన్నగా నవ్వింది. "మీరు బాగా నూరలేదు. పలుకులు తగులుతున్నాయి."

అదే ఆఖరి మాట. గిన్నె ఇంకా తడిగానే ఉంది, ఆమె ఊపిరి ఆగిపోయింది.

సూరప్ప నాడి చూశాడు. చేయి చాప మీద మెల్లగా పెట్టాడు. జనం వచ్చి, "బాబూ, లేవండి, జరగాల్సినవి చూడాలి," అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. గిన్నె వైపు చూపించాడు. అది పూర్తిగా ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు. గుడిసె ముందు నిలబడినవాళ్లు ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు. ఎర్రయ్య కూర్చున్నాడు. గవరయ్య కూర్చున్నాడు. బంగారయ్య కూడా కూర్చున్నాడు.

ఇదీ దాలమ్మ కథ.

ఇప్పటికీ మా వైపు పల్లెల్లో ఎవరికైనా మందు తీసుకెళ్తే గుమ్మంలో ఇచ్చి రారు. రోగి తాగేదాకా కూర్చోరు. తాగాక గిన్నె ఆరేదాకా లేవరు. మాటలుంటే మాట్లాడతారు, లేకపోతే ఊరికే కూర్చుంటారు. ఎండాకాలం గిన్నె చప్పున ఆరిపోతుంది. వానాకాలం పూటంతా పడుతుంది. "మరి వానాకాలం రోగాలే తొందరగా తగ్గాలి కదా?" అని నేను చిన్నప్పుడు మా అమ్మమ్మని అడిగాను. తగ్గవు. ఎందుకో ఆమెకి తెలీదు.

తెలియనిదాన్ని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లకి మా వైపు పెద్దవాళ్లు ఒకటే మాట చెబుతారు.

"మందు సగం, దాలమ్మ సగం. ఏ సగం ఏదో దాలమ్మకే తెలీదు. నువ్వు రెండూ పుచ్చుకో."